సూది వెయ్యని నర్సమ్మ అంటే అంత అలుసా?

పొద్దున మా ఇంటి ముంగట జరిగింది తలుచుకుంటే ఇంకా కడుపు మండుతనే ఉంది. సబ్‌సెంటర్ నర్సమ్మ వచ్చి మా పెద్దమ్మను అరుగు మీద కూసోబెట్టి కాలి వేళ్ళ సందులు విడదీసి చూస్తుంది. పెద్దమ్మకు ఎన్నో ఏండ్ల సంది షుగరు, పాదాలు తిమ్మిరి. చిటికెన వేలు కింద ముల్లు దిగి పుండు పడుతుంటే ఆమెకు తెల్వనే తెల్వదు. నర్సమ్మ ముల్లు తీసి, కడిగి, తడి లేకుండ తుడిచి, "పెద్దమ్మా, రోజూ పండుకునే ముందు అద్దం పెట్టుకొని అరికాళ్ళు చూసుకో, ఉత్తకాళ్ళతోని చెల్కకు పోకు" అని చెప్తుంటే మా చిన్నాయన అందుకున్నడు: "సూది లేదు, మందు లేదు, ముచ్చట్లు చెప్పనీకే వచ్చినవామ్మా?"

ఆమె ఒక్క మాట అనలే. ట్యాబ్‌ల ఏదో ఎక్కించి పక్కింటికి పోయింది. నాకైతే తల కొట్టేసినట్టయింది.

గిదే చిన్నాయన ఒళ్ళు నొప్పులంటే ఆర్‌ఎంపీ దగ్గరికి పోయి గులుకోజ్ బాటిల్ ఎక్కించుకొని, అడిగినన్ని పైసలిచ్చి వస్తడు. ఆయనకూ షుగరే! షుగరున్న మనిషికి గులుకోజ్ ఏందని అడిగినోళ్ళు ఊర్ల ఒక్కరు లేరు.

షుగరు, బీపీ జ్వరం లెక్క వారంల తగ్గిపోయేటియి కావు. డాక్టర్ సారు చూసేది ఐదు నిమిషాలు, మిగతా నెలంతా మన చేతులనే ఉంటది. ఆ నెలంతా ఎట్ల గడపాల్నో చెప్పేది ఎవరు? మా పెద్దమ్మ ఇన్సులిన్ సీసా ఎం.ఎల్‌.కు 40 యూనిట్లది. మెడికల్ షాపుల ఇచ్చిన సిరంజి ఎం.ఎల్‌.కు 100 యూనిట్ల సీసాకు వాడేది. ఎర్ర మూత సిరంజి 40 సీసాకు, నారింజ మూతది 100 సీసాకు. అదే గీత దాకా గుంజితే లోపటికి పోయేది సగం డోసు కూడా కాదు. అదే తిరగబడి 100 సీసాకు 40 సిరంజి వాడితే రెండున్నర రెట్లు పోతది, మనిషి పడిపోతడు. ఇంట్ల చదువుకున్నోళ్ళం ఇంతమందిమి ఉన్నం, పట్టుకున్నది ఆ నర్సమ్మనే.

మా నాయనమ్మకు గిట్ల చెప్పే మనిషి దొరకలే. మర్రిగూడ దిక్కు మనిషి, ఫ్లోరైడ్ నీళ్ళు తాగి తాగి నడుం వంగిపోయింది. నొప్పి లేస్తే సూది, నొప్పి లేస్తే గోలీ. ఆ నొప్పి మందులు ఏండ్ల తరబడి వాడితే బీపీ పెరుగుతది, కిడ్నీలు ఖరాబైతయని ఎవ్వరూ చెప్పలే. ఆఖరికి డయాలసిస్ దాకా పోయింది. పటిక, సున్నంతోని నీళ్ళల్ల ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నాగ్‌పూర్ నీరి సంస్థోళ్ళు మా జిల్లా పేరే పెట్టిండ్రు, నల్గొండ టెక్నిక్ అని. పుస్తకాలల్ల జిల్లా పేరు ఎక్కింది. "అవ్వా, ఈ గోలీ రోజూ మింగకు" అని చెప్పే మనిషి మాత్రం మా గడప తొక్కలే. ఈ కోపం నాకు సచ్చేదాకా పోదు.

ఇప్పుడు ఆ చెప్పే మనిషి వస్తుంది. ఆమెనన్నా చెప్పనిస్తున్నరా? బుధవారం, శనివారం టీకాలు. ముప్పై ఏండ్లు దాటినోళ్ళందరికీ ఇల్లిల్లు తిరిగి బీపీ, షుగరు పరీక్షలు. అవన్నీ ట్యాబ్‌ల ఎక్కియ్యాలె, ఎక్కలేదని పైనుంచి ఫోన్లు. ముల్లు తీసి, కాలు ఎట్ల చూసుకోవాల్నో నేర్పిన అరగంట ఏ లెక్కల రాసుకుంటరు సార్లూ?

పైంగ కాంట్రాక్టు కొలువులు. 2023ల కాంట్రాక్టు ఏఎన్ఎంలు, అంటే గీ నర్సమ్మలే, పర్మినెంట్ చెయ్యమని సమ్మెకు దిగి రోడ్ల మీద కూసున్నరు. వాళ్ళు అడిగింది గొంతెమ్మ కోరికనా? ఎవరు పొద్దటి గోలీ మరుస్తరో, ఎవరు ఉపవాసమని తిండి మాని గోలీ మాత్రం మింగుతరో, ఎవరింట్ల ముసలామెకు సూది వేసే దిక్కు లేదో ఊర్ల తిరిగిన నర్సమ్మకే ఎరుక. అది ఏ ట్యాబ్‌ల దొరకది. రేపు ఆమె పోయి కొత్తామె వస్తే అంతా మళ్ళ మొదటికే వస్తది. ముందు వాళ్ళ కొలువు సంగతి తేల్చుండ్రి, ఆ తర్వాతనే ఇంకో సర్వే వాళ్ళ చేతుల పెట్టుండ్రి.