సోషల్ టీచర్‌కు దన్నేది?

దక్షిణ సూడాన్ 2011 జూలై 9న స్వతంత్ర దేశమైంది. ఆ తర్వాత పుట్టిన పిల్లలు ఇప్పుడు హైస్కూల్లో ఉన్నారు. తరగతి గోడకు వేలాడే ఆఫ్రికా పటం అంతకు ముందు అచ్చయినదైతే, అందులో సూడాన్ ఇంకా ఒకటే దేశం. 2018లో స్వాజీలాండ్ ఎస్వాతినీ అయింది, 2019లో మాసిడోనియా ఉత్తర మాసిడోనియా అయింది. లెక్కల మాస్టారికి ఈ బాధ లేదు. పైథాగరస్ సిద్ధాంతం నిరుడు ఎలా ఉందో ఈ ఏడూ అలాగే ఉంది. సోషల్ టీచర్ మాత్రం పొద్దున్నే పేపర్ తిరగేయకుండా క్లాసుకు వెళ్తే, వెనక బెంచీ నుంచి ఒకడు చెయ్యెత్తి పట్టేస్తాడు.

అయినా బడిలో అందరూ తేలిగ్గా చూసే సబ్జెక్టు ఇదే. ‘సోషల్‌దేముంది, చదివితే వచ్చేస్తుంది’ అనే మాట బయటివాళ్ల నోటే కాదు, స్టాఫ్ రూముల్లోనూ వినిపిస్తుంది. సైన్సుకు ల్యాబ్ కావాలంటే ఎవరూ కాదనరు. సోషల్‌కు ఒక మంచి గ్లోబు అడిగితే ‘ఫోన్లో చూపించండి’ అంటారు. పీరియడ్లు తక్కువైన వేరే సబ్జెక్టు టీచర్‌కు ఈ క్లాసు సర్దేయడమూ కొత్త కాదు. నిజానికి ఇది ఒక సబ్జెక్టు కాదు, నాలుగు. చరిత్ర చదివి వచ్చినవారు ద్రవ్యోల్బణం గురించి చెప్పాలి. ఎకనామిక్స్ చదివినవారు రుతుపవనాలు ఎటు నుంచి ఎటు వీస్తాయో బోర్డు మీద గీయాలి.

ఈ లోటు పూడ్చడానికి శిక్షణ తరగతులు లేవా అంటే, ఉన్నాయి. పొద్దున సంతకం, సాయంత్రం సర్టిఫికెట్. మధ్యలో అన్ని సబ్జెక్టుల వారికీ కలిపి అవే స్లైడ్లు. ఉపాధ్యాయులు ఏటా కనీసం 50 గంటలు వృత్తిపరమైన శిక్షణ పొందాలని మన జాతీయ విద్యా విధానం 2020లో చెప్పింది. గంటలు లెక్కపెట్టడం తప్పు కాదు, కానీ హాజరు పట్టీ నిండినంత మాత్రాన పాఠం మెరుగుపడదు. జపాన్ బడుల్లో ఎప్పటి నుంచో ఉన్న పద్ధతి వేరు. టీచర్లు కొందరు కూర్చుని ఒకే ఒక్క పాఠాన్ని కలిసి తయారు చేస్తారు. ఒకరు క్లాసులో చెబుతారు, మిగతావాళ్లు వెనక నిలబడి పిల్లల్ని గమనిస్తారు. ఏ మాట దగ్గర ముఖాలు వెలిగాయి, ఎక్కడ అర్థంకాక దిక్కులు చూశారు అన్నది రాసుకుంటారు. తర్వాత మాట్లాడుకుని పాఠాన్ని సరిదిద్దుకుంటారు. అక్కడ పరీక్ష పాఠానికే తప్ప, చెప్పిన టీచర్‌కు కాదు.

ఇలా కూర్చుంటే ఏమొస్తుందో చూడండి. కొన్ని గోడ పటాల్లో గ్రీన్‌లాండ్, ఆఫ్రికా దాదాపు ఒకే సైజులో కనిపిస్తాయి. నిజానికి ఆఫ్రికా సుమారు 14 రెట్లు పెద్దది. ఈ ముక్క నోటితో చెబితే పిల్లలు రాసుకుని మర్చిపోతారు. అదే ఒక నారింజ ఇచ్చి, తొక్క చిరగకుండా ఒలిచి బల్ల మీద చదునుగా పరచమంటే? ఎవరి వల్లా కాదు. 1569లో ప్రపంచ పటం గీసిన మెర్కేటర్ ఎదుర్కొన్న చిక్కు కూడా అదే. నావికులకు దిక్కు తప్పకూడదని ఆయన పటాన్ని ధ్రువాల వైపు సాగదీశాడు. ఏ పటమైనా ఎవరి అవసరం కోసమో గీసిందేనన్న సంగతి తొక్క చిరిగేసరికి పిల్లలకే తడుతుంది. ఇలాంటి ఉపాయం సర్క్యులర్‌లో రాదు. పక్క బడిలో పనిచేసే తోటి టీచర్ దగ్గర నుంచి వస్తుంది. అమెరికాలో సోషల్ టీచర్ల జాతీయ మండలి 1921 నుంచీ నడుస్తోందంటే కారణం ఆ అవసరమే.

వనరులు లేవని కూడా అనలేం. అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ పాత ఉత్తరాలు, ఫోటోలు, పటాలను టీచర్ల కోసం ఉచితంగానే ఇస్తోంది. వాటిలోంచి 40 నిమిషాల పీరియడ్‌కు సరిపోయేది ఏరి, పిల్లల భాషలోకి మార్చేదెవరు? రోజుకు ఆరు క్లాసులు చెప్పి, పేపర్లు దిద్ది, రిజిస్టర్లు రాసే మనిషేనా? పైగా నకిలీ వార్తలను పసిగట్టడం నేర్పే బాధ్యతా సోషల్ టీచర్ మీదే పడింది. 2017లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఒక అధ్యయనం చేశారు. చరిత్రలో డాక్టరేట్ ఉన్న 10 మందిని, వార్తల నిజానిజాలు తేల్చే 10 మంది ఫ్యాక్ట్ చెకర్లను, 25 మంది విద్యార్థులను కొన్ని వెబ్‌సైట్లు పరీక్షించమన్నారు. చరిత్రకారులు కూడా చాలాసార్లు గంభీరమైన లోగోలు, పేర్లు చూసి బోల్తాపడ్డారు. ఫ్యాక్ట్ చెకర్లు ఆ పేజీలోనే కూర్చోకుండా, దాని వెనక ఎవరున్నారో వేరే చోట వెతికారు. అంతటి పండితులే మోసపోయిన చోట బడి టీచర్‌ను శిక్షణ లేకుండా నిలబెట్టడం అన్యాయం.

అన్నిటికన్నా పెద్ద లోటు టీచర్ వెనక నిలబడేవారు లేకపోవడం. దాని గురించి ఎవరూ పైకి మాట్లాడరు. 2020 అక్టోబర్‌లో పారిస్ దగ్గర్లోని ఒక బడిలో చరిత్ర, భూగోళం చెప్పే సామ్యుయెల్ పాటీ భావప్రకటన స్వేచ్ఛ మీద పాఠం చెప్పారు. ఆ క్లాసులో లేనే లేని ఒక విద్యార్థిని ఆ పాఠం గురించి ఇంట్లో అబద్ధం చెప్పింది. తండ్రి దాన్ని సోషల్ మీడియాకెక్కించాడు. అక్టోబర్ 16న ఆ టీచర్‌ను వీధిలో హత్య చేశారు. అంత ఘోరం అరుదే. కానీ ఫోన్లో తీసిన అర నిమిషం క్లిప్పు, ఒక తల్లిదండ్రుల ఫిర్యాదు, ‘మీకెందుకండీ ఇవన్నీ, పుస్తకంలో ఉన్నది చెప్పి వచ్చేయండి’ అనే హెడ్మాస్టర్ మాట అరుదు కావు. ఆ మాట పడ్డ టీచర్ మరుసటి ఏడు పాఠం చదివించి, ప్రశ్నలకు జవాబులు రాయించి ఊరుకుంటారు. అందుకు వారిని తప్పుపట్టలేం.

బోధన సామగ్రిని ఎంచుకోవడంలో ఉపాధ్యాయులదే ముఖ్య పాత్ర కావాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ, యునెస్కో 1966 అక్టోబర్ 5నే సిఫారసు చేశాయి. ప్రపంచ ఉపాధ్యాయ దినోత్సవం ఆ తేదీనే జరుపుతున్నారు. శాలువాలు, దండలు సరే, ఆ సిఫారసును తెరిచి చదివేవారు తక్కువ. వివాదాస్పద అంశాలను క్లాసులో ఎలా చెప్పాలో ప్రతి బడీ ముందే రాసిపెట్టుకోవాలి. ఫిర్యాదు వస్తే మొదట హెడ్మాస్టరే వినాలి. రాసుకున్న పద్ధతి పాటించిన టీచర్ పక్కన ఆయన నిలబడాలి. కొత్త పటాలకు, గ్లోబులకు డబ్బు కావాలి కాబట్టి అవి ఆలస్యమవుతాయేమో. చుట్టుపక్కల బడుల సోషల్ టీచర్లంతా వారానికి ఒక పీరియడ్ కలిసి కూర్చోవడానికి పెద్ద ఖర్చేమీ లేదు. వచ్చే ఏడాది టైమ్ టేబుల్ వేసేటప్పుడు, వేరే ఏ క్లాసూ దూరక ముందే ఆ పీరియడ్‌ను అందులో రాసేయాలి.