మొదటి ఆపరేషన్ కాగితం ఏదమ్మా?

మా పర్లాకిమిడిలో మొదటి కాన్పు ఆపరేషన్ అయిందంటే రెండోదాని గురించి ఇంక మాటే లేదు, డాక్టరమ్మ కంటే ముందు వీధిలోవాళ్లే తేల్చేస్తారు, ముహూర్తం కూడా వాళ్లే పెట్టేస్తారు. మా చెల్లికి ఇప్పుడు ఏడో నెల. మొదటిది ఆంధ్రా వైపు ఒక ప్రైవేట్ ఆస్పత్రిలో అయింది (2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రాలో నూటికి 42 కాన్పులు ఆపరేషన్లే, మా ఒడిశాలో 22 లోపు). ఈసారి నార్మల్‌కి చూడొచ్చా అని ఇక్కడ అడిగితే పాత కాగితాలు తెమ్మన్నారు. తీసి చూస్తే బిల్లులో దూది, గ్లౌజులతో సహా అన్నీ ఉన్నాయి, డిశ్చార్జి కార్డులో మాత్రం "సిజేరియన్, తల్లీబిడ్డ క్షేమం" అంతే! ఎందుకు కోశారో లేదు, గర్భసంచి మీద ఎలా కోశారో లేదు.

"ఏటే, కుట్టు అడ్డంగానే ఉంది కదా" అంటుంది అత్త. పొట్ట మీద అడ్డంగా ఉన్నంతమాత్రాన లోపలా అలాగే ఉండాలని లేదత్తా. గర్భసంచి కింది భాగంలో అడ్డంగా కోసుంటే నొప్పుల్లో ఆ కుట్టు విడిపోయేది సుమారు 200 మందిలో ఒకరికి, నార్మల్‌కి ప్రయత్నించినవాళ్లలో నూటికి 60 నుంచి 80 మందికి అయిపోతుంది కూడా. పైదాకా నిలువుగా కోసుంటే మాత్రం ఆ ఊసే వద్దు. ఒకసారి సిజేరియన్ అయితే ఎప్పుడూ సిజేరియనే అని 1916లో న్యూయార్క్‌లో క్రాగిన్ అనే డాక్టర్ అన్నాడు, అప్పట్లో నిలువు కోతలే మరి. మొదటిసారి బిడ్డ ఎదురుకాళ్లతో ఉందని కోశారా, నొప్పులు పడ్డా బిడ్డ దిగలేదని కోశారా అన్నదాన్ని బట్టి కూడా ఛాన్స్ మారిపోతుంది.

అలాగని ఎక్కడ పడితే అక్కడ నార్మల్ కోసం పట్టుబట్టమని కాదు నేననేది. కుట్టు విడిపోయే ఆ 200 మందిలో ఒక్కరు మనమే అయితే నిమిషాల్లో పొట్ట కొయ్యాలి, థియేటర్, మత్తు డాక్టర్, రక్తం అన్నీ అక్కడే ఉండాలి. మా జిల్లాలోని గుమ్మ, మోహన కొండల్లో నొప్పులు మొదలయ్యాక అంబులెన్స్ కోసం చూడ్డం కుదరదు. కాన్పుకి ముందే వచ్చి ఉండటానికి 'మా గృహ'లని ప్రభుత్వ వసతి ఇళ్లు ఉన్నాయి గాని, పక్కన ఆపరేషన్ చేసే ఆస్పత్రి లేకపోతే ఏం లాభం? నొప్పులు రావాలని మిసోప్రోస్టాల్ మాత్ర ఇస్తామంటే మాత్రం పాత కుట్టు సంగతి గట్టిగా చెప్పండి, అది మనకి పనికిరాదు.

రికార్డు కాపీ కోసం బావని పంపితే ఇచ్చే రూల్ లేదన్నారట. ఎందుకు లేదండీ? 2002 మెడికల్ కౌన్సిల్ నిబంధనల్లోనే ఉంది, అడిగిన 72 గంటల్లో ఇవ్వాలి, మూడేళ్లు దాచాలి. పాపకి ఇంకా రెండున్నరేళ్లే. సోమవారం మళ్లీ వెళ్తున్నాం, ఈసారి అర్జీ రాసి, అందినట్టు స్టాంపు వేయించుకునే వస్తాం.