కోలారు చెరువులకు మన దయ అక్కర్లేదు

మొన్న మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒకాయన రాశాడు, "మన బెంగళూరు నీళ్లతోనే కదండీ ఇవాళ కోలారు పచ్చగా ఉంది" అని. పుణ్యం మూటగట్టుకున్నట్టు కింద ఒక దండం బొమ్మ కూడా. నేను పుట్టింది కోలారు జిల్లా శ్రీనివాసపురం పక్క పల్లెలో, ఉంటున్నది బెంగళూరు జక్కూరులో. రెండు వైపులా తెలిసినవాణ్ణి కాబట్టి ఒళ్లు మండింది.

మన నీళ్లేంటి సార్? వంద కిలోమీటర్ల అవతలి నుంచి కావేరిని ఎత్తిపోసుకుని, వాడుకుని, మురుగు చేసి, రెండో దశ దాకా, అంటే సూక్ష్మజీవులతో మలినాన్ని తినిపించేదాకా, శుద్ధి చేసి వదులుతున్నాం. బెంగళూరులోని కోరమంగళ-చల్లఘట్ట లోయ నుంచి కోలారు చెరువులకు రోజుకు 44 కోట్ల లీటర్లు పంపాలన్నది ప్లాను. 2018 జూన్‌లో మొదటగా లక్ష్మీసాగర చెరువుకు చేరాయి. మరుసటి నెలకే అక్కడ నురగ తేలింది. మిగిలిపోయిన నత్రజని, భాస్వరం లాంటివి కూడా తీసే మూడో దశ శుద్ధి చేసి పంపండని రైతులు అప్పట్నుంచీ అడుగుతూనే ఉన్నారు.

మేలు జరగలేదని అనను. మా చిన్నాన్న బోరు ఎండిపోయి ఏళ్లయింది, పక్క చెరువు నిండాక మళ్లీ పోస్తోంది. "నీళ్లొచ్చినాయి రా, కాదనను. కానీ తాగేదానికి మాత్రం క్యానే కొంటాండాం" అన్నాడు.

అసలు సంగతేమంటే, కోలారులో ఏడాది పొడుగునా పారే నది లేదు. అందుకే మా పెద్దలు ఊరికో చెరువు కట్టారు. పై చెరువు మరవ (అలుగు) పారితే ఆ నీళ్లు కాలువలో పడి కింది చెరువుకు పోతాయి, అది నిండితే దాని కిందిదానికి. తూము తీయడం, ఏ మడికి ఎంత వదలాలో చూడడం నీరుగంటి పని, కూలి ధాన్యంగా ఇచ్చేవాళ్లు. ఎండాకాలం పూడిక మట్టిని బండ్లతో చేలకు తోలుకునేవాళ్లు. చెరువు లోతయ్యేది, చేనుకు ఎరువు దొరికేది. తూము మూసి ఉన్నా భూమిలోకి ఇంకిన నీళ్లు బావుల్లో ఊరేవి. ఇంత ఏర్పాటుకు కరెంటు అక్కర్లేదు. బోర్లు వచ్చాక చెరువు అవసరం లేదనుకున్నాం. నీరుగంటి పోయాడు, కాలువల్లో సర్కారు తుమ్మ మొలిచింది, మెట్ట చేలల్లో భూమిలో నీళ్లు పీల్చే నీలగిరి తోపులు లేచాయి. నీలగిరి కొత్తగా నాటకూడదని 2017లో ప్రభుత్వం ఆపింది సరే, అప్పటికే లేచిన తోపుల మాటేంటి?

పైపు నీళ్లొస్తున్నాయి కదా అని ఈ కాలువలను మర్చిపోవడమే నాకు భయం. పంపు ఆగిన రోజు చెరువుకు దిక్కు వానే. ఆ వాన చెరువు దాకా రావాలంటే దారి ఉండాలి.

మురుగును ఎలా వదలాలో చూడాలంటే ఎక్కడికో పోనక్కర్లేదు, మా జక్కూరు చెరువుకు రండి. శుద్ధి కేంద్రం నుంచి వచ్చే నీరు నేరుగా చెరువులో పడదు, ముందు జమ్ము పెరిగిన చిత్తడి గుండా నెమ్మదిగా సాగుతుంది. ఆ వేళ్లు, వాటిని పట్టుకున్న సూక్ష్మజీవులు నత్రజని, భాస్వరం చాలావరకు లాగేస్తాయి. లోహాలనూ మందులనూ జమ్ము ఒక్కటే ఆపలేదు, కాబట్టి ఇది మూడో దశకు బదులు కాదు. అయినా కోలారులో నీళ్లు దిగే ప్రతి చెరువు నోటి దగ్గరా ఇలాంటిది ఎందుకు ఉండకూడదు?

మా కోలారు వాళ్ల తప్పూ ఉంది. వెయ్యి అడుగుల కింది నుంచి తోడి టమాటా పండించి, ధర పడితే రోడ్డు మీద పారబోస్తాం. వానకే పండే రాగి, మధ్యమధ్య అనప సాళ్లు మాత్రం నామోషీ. అదే రాగిని బెంగళూరులో మిల్లెట్ అని ప్యాకెట్‌లో కొంటున్నారు, నేనూ కొంటున్నాను!

ఇంకొకటి. పోయిన నెల అదే గ్రూపులో "లేక్ వ్యూ ప్లాట్లు, కోలారు హైవే దగ్గర" అని ప్రకటన వచ్చింది. ఫొటో చిన్నాన్నకు పంపాను. ఎర్రమట్టి చదును చేసి తెల్ల రాళ్లు పాతిన చోటు చూడగానే గుర్తుపట్టాడు. మా చెరువుకు పై నుంచి నీళ్లొచ్చే కాలువ అదే. మా అపార్ట్‌మెంట్ వాళ్లు ముగ్గురు అడ్వాన్సు కూడా ఇచ్చేశారట, అందులో దండం పెట్టినాయన ఒకడు.