సవరణ: ఉక్రెయిన్ క్రిస్మస్ ఎప్పుడు?

ఉక్రెయిన్ పండుగల మీద మొన్న పెట్టిన పోస్టులో క్రిస్మస్ జనవరి 7న అని ఉంది. అది పాత లెక్క. 2023 జూలైలో అధ్యక్షుడు జెలెన్‌స్కీ సంతకం చేసిన చట్టంతో జనవరి 7 సెలవు పోయి, డిసెంబరు 25 ఒక్కటే మిగిలింది. 2017 నుంచి అప్పటిదాకా రెండు రోజులూ సెలవులే. 2023 సెప్టెంబరు 1 నుంచి అక్కడి స్వతంత్ర ఆర్థడాక్స్ చర్చి, గ్రీక్ కాథలిక్ చర్చి కూడా డిసెంబరు 25న క్రిస్మస్ వచ్చే కొత్త క్యాలెండరుకు మారాయి. రష్యాతో తెగతెంపులే దీని వెనకున్న అసలు సంగతి. మాస్కో సంప్రదాయంలో ఉన్న చర్చిలు మాత్రం పాత తేదీనే పాటిస్తున్నాయి. యుద్ధానికి ముందు అక్కడ మెడిసిన్ చదివొచ్చిన మన పిల్లలు జనవరి అంటే కొట్టిపారేయకండి, వాళ్లు చూసింది అదే.

కాబట్టి ఇంటిల్లిపాదీ కూర్చునే ‘స్వ్యాత్ వేచిర్’ విందు ఇప్పుడు డిసెంబరు 24 రాత్రి. ఆ విందులో వడ్డించే పన్నెండు వంటకాల్లో మాంసం ఉంటుందని కామెంట్లలో ఒకరన్నారు. ఉండదు, అది ఉపవాస భోజనం. చేప మాత్రం తింటారు. ముందు నోట్లో పెట్టుకునేది కుత్యా: ఉడికించిన గోధుమల్లో నూరిన గసగసాలు, తేనె, అక్రోట్లు. ఆకాశంలో తొలి చుక్క పొడిచాకే చెంచా ఎత్తుతారు. చనిపోయినవాళ్ల కోసం ఒక కంచం అదనంగా పెడతారు. గదిలో ఓ మూల ‘దీదుఖ్’ అనే ధాన్యపు పన నిలబెడతారు.

ఈస్టర్ మాత్రం పాత క్యాలెండరు లెక్కలోనే ఉంది. మొన్నటి పోస్టులో ఈస్టర్ రంగు గుడ్ల గురించి రాసిన భాగంలో మార్పేమీ లేదు.