ఫలితాలు వచ్చాక సర్వేలు ఎటు పోతాయి?

2024 జూన్ 1 సాయంత్రం టీవీ ముందు కూర్చున్నవాళ్లకు ప్రత్యేకంగా గుర్తు చేయక్కర్లేదు. ఎన్డీయేకు 350 దాటుతాయని చాలా ఎగ్జిట్ పోల్స్ చెప్పాయి. కొన్ని 400 దాకా వెళ్లాయి. జూన్ 4న లెక్క 293 దగ్గర ఆగింది, బీజేపీకి సొంతంగా వచ్చినవి 240. ఒక సర్వే సంస్థ అధిపతి లైవ్‌లోనే కంటతడి పెట్టుకున్నారు. రెండు రోజులు మీమ్స్ నడిచాయి. తర్వాత మంత్రి పదవుల గోల మొదలైంది, అందరూ మర్చిపోయారు.

సర్వేలు తప్పాయని నేను గొడవ పెట్టుకోవడం లేదు. ప్రపంచమంతా తప్పుతాయి. కానీ దేశమంతా తిరిగి లక్షల మందిని అడిగామన్నారు కదా, ఆ జవాబులన్నీ ఇప్పుడెక్కడున్నాయి? అడిగిన ప్రశ్న ఏమిటి, ఏ వరసలో అడిగారు, ఎంతమంది నోరు విప్పలేదు, వచ్చిన జవాబులకు ఏ వెయిటేజీ (ఏ వర్గం జవాబుకు ఎంత విలువ) కలిపి ఓట్లను సీట్లుగా మార్చారు? టీవీ తెర అడుగున చీమంత అక్షరాల్లో "శాంపిల్ సైజు" అని పరుగెత్తే ఒక్క లైను తప్ప చాలా సర్వేల గురించి మన చేతికి ఏమీ రాదు. అందుకే నా డిమాండ్ సూటిగా చెప్పేస్తున్నా. జనం ముందు సర్వే అంకె పెట్టాలనుకున్న ప్రతి సంస్థా దాని ప్రశ్నపత్రాన్ని, ముడి డేటాను ఒక పబ్లిక్ ఆర్కైవ్‌లో జమ చేసి తీరాలి. చేయనివాళ్లు సర్వే అనే మాట వాడకూడదు. జోస్యం అని రాసుకోవచ్చు, అభ్యంతరం లేదు.

మన చట్టానికి ఇది పట్టలేదు. ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 126ఏ సెక్షన్ తొలి విడత పోలింగ్ మొదలైనప్పటి నుంచి చివరి విడత ముగిసిన అరగంట దాకా ఎగ్జిట్ పోల్స్ బయటపెట్టొద్దంటుంది. ఒపీనియన్ పోల్స్‌కు పోలింగ్ ముగిసే ముందు 48 గంటల నిషేధం ఉంది. ఎప్పుడు చూపించకూడదో చట్టం చెప్పింది. చూపించాక దాన్ని ఏం చేయాలో దాని ఊసే లేదు.

డేటా దాస్తే ఏం ఒరుగుతుందో తెలియాలంటే 1936 అమెరికాకు వెళ్లాలి. లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక కోటి మందికి నమూనా బ్యాలెట్లు పంపింది. 20 లక్షలకు పైగా తిరిగొచ్చాయి. అధ్యక్ష ఎన్నికల్లో రూజ్‌వెల్ట్ మీద లాండన్ గెలుస్తున్నాడని పత్రిక ఢంకా బజాయించింది. రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలిచాడు. ఈ కథ స్టాటిస్టిక్స్ చదివిన ప్రతివాడికీ తెలుసు. దానికి చెప్పే కారణం కూడా తెలుసు: ఫోన్లు, కార్లు ఉన్న డబ్బున్నవాళ్ల జాబితాల నుంచి పేర్లు తీసుకున్నారు, అందుకే బోర్లాపడ్డారు. దశాబ్దాల తరబడి పాఠ్యపుస్తకాలు ఇదే చెప్పాయి.

అసలు సంగతి 1988లో బయటపడింది. పెవరిల్ స్క్వైర్ అనే రాజనీతి శాస్త్రవేత్త ఆర్కైవ్‌లో ఉన్న 1937 నాటి ఒక సర్వేను, గాలప్ అనే అమెరికన్ సంస్థ చేసినదాన్ని, బయటికి తీశాడు. ఎన్నికలైన కొద్ది నెలలకే చేసిన ఆ సర్వేలో గాలప్ మనుషులు రెండు చిన్న ప్రశ్నలు అడిగి ఉన్నారు: మీకు డైజెస్ట్ బ్యాలెట్ అందిందా, అందితే తిరిగి పంపారా? స్క్వైర్ లెక్కలు వేసి చూస్తే, జాబితాలో లోపం ఉన్న మాట నిజమే గానీ, బ్యాలెట్ అందినవాళ్లంతా తిరిగి పంపి ఉంటే డైజెస్ట్ కూడా రూజ్‌వెల్టే గెలుస్తాడని చెప్పి ఉండేది. లాండన్ అభిమానులు పట్టుబట్టి పోస్ట్ చేశారు, రూజ్‌వెల్ట్ అభిమానులు పక్కన పడేశారు. ఎవరిని అడిగామన్నది ఎంత ముఖ్యమో, ఎవరు జవాబిచ్చారన్నదీ అంతే ముఖ్యమని అర్ధ శతాబ్దం తర్వాత తేలింది. ఫోన్ ఎత్తేవాళ్లే కరువైన ఈ రోజుల్లో సర్వే సంస్థలన్నిటికీ నిద్ర పట్టనివ్వని సమస్య ఇదే. ఆ 1937 సర్వేను ఎవరో పాత చెత్త అనుకుని పారేసి ఉంటే పాఠ్యపుస్తకం ఇప్పటికీ అరసత్యమే చెబుతూ ఉండేది.

ఇప్పుడు మన దగ్గరికి రండి. 2018లో తెలంగాణలో ప్రజాకూటమిదే పైచేయి అని లగడపాటి రాజగోపాల్ చెప్పారు, టీఆర్ఎస్ 119లో 88 గెలిచింది. 2019లో ఏపీలో టీడీపీ అన్నారు, వైసీపీకి 175లో 151 వచ్చాయి. అంతకుముందు ఆయన అంచనాలు నిజమైన సందర్భాలూ ఉన్నాయి, "ఆంధ్రా ఆక్టోపస్" అన్న పేరు ఊరికే రాలేదు. మరి ఈ రెండుసార్లూ ఎక్కడ తేడా కొట్టింది? జనం అబద్ధం చెప్పారా, శాంపిల్ వంకరగా ఉందా, లెక్క కట్టడంలో పొరపాటా? రచ్చబండ మీద ఎన్ని థియరీలైనా వినిపిస్తాయి. తేల్చే దారి మాత్రం లేదు, ఎందుకంటే తేల్చడానికి కావలసిన కాగితాలు మన ముందు లేవు.

ఆర్కైవ్ అనగానే దుమ్ము పట్టిన బీరువాలు గుర్తొస్తాయి గానీ, దాని పని చాలా చురుకైనది, చికాకైనది కూడా. అమెరికన్ సర్వే నిపుణుడు ఎల్మో రోపర్ 1947లో మొదలుపెట్టిన రోపర్ సెంటర్ అనే సర్వేల ఆర్కైవ్ ఇప్పుడు కార్నెల్ యూనివర్సిటీలో ఉంది. 1930ల నుంచి జరిగిన సర్వేలు అక్కడ ఉన్నాయి. పాత జవాబులన్నీ పంచ్ కార్డుల మీద ఉండేవి. ఒక్కో కార్డుకు 80 నిలువు గడులు, ఒక్కో గడిలో రంధ్రం పెట్టడానికి 12 చోట్లు. కార్డులు ఆదా చేయాలని ఆ రోజుల్లో ఒకే గడిలో రెండు మూడు ప్రశ్నల జవాబులు కుక్కేవారు. తర్వాతి తరం కంప్యూటర్ ప్రోగ్రాములు ఆ కుక్కుడు చూసి బిత్తరపోయాయి. అంటే డేటా ఉంది, చదవడం కుదరదు. ఎవరో ఒకరు కూర్చుని ఒక్కో గడి విప్పి, ఏ రంధ్రం ఏ ప్రశ్నదో పాత ప్రశ్నపత్రంతో సరిచూసి మళ్లీ రాయాలి. ప్రశ్నపత్రం పోతే ఆ కార్డుల కట్ట ఉత్త అట్టముక్కలే. ఎక్సెల్ ఫైల్ దాచుకున్నాం చాలు అనుకునే మన సర్వే సంస్థలు ఈ సంగతి గుర్తుపెట్టుకుంటే మంచిది. "క్యూ7 = 2" అని ఉంటే, ఆ రెండు అంటే ఏమిటో చెప్పే కాగితం కూడా దాని పక్కనే ఉండాలి.

ప్రశ్న పాఠం ఎందుకంత ముఖ్యమంటారా? 1992లో అమెరికాలో ఒక రోపర్ సర్వే, యూదులపై నాజీల మారణహోమం అసలు జరగకపోయి ఉండొచ్చని 22 శాతం మంది అంటున్నారని తేల్చింది. పెద్ద దుమారం రేగింది. ఇంతా చేసి, అడిగిన ప్రశ్నలోనే మెలిక ఉంది. మారణహోమం ఎప్పుడూ జరగలేదన్నది సాధ్యమనిపిస్తోందా, అసాధ్యమనిపిస్తోందా అని రెండు వ్యతిరేకార్థాలు కలిపి అడిగారు. 1994లో ప్రశ్నను సరళం చేసి మళ్లీ అడిగితే, జరగకపోయి ఉండొచ్చన్నవాళ్లు ఒక్క శాతం. ప్రశ్న బయటికి తెలిసింది కాబట్టి ఒక దేశం పరువు నిలిచింది. శాతం ఒక్కటే మిగిలి ఉంటే?

అసలు నన్ను పట్టి కుదిపేసేది ఎన్నికల సర్వేలు కావు. సీట్ల అంకె ఫలితాల రోజు మధ్యాహ్నానికే పాతబడుతుంది. సామాజిక విషయాల మీద జనం ఏమనుకున్నారన్నది వేరే సరుకు. అది ఏళ్లు గడిచేకొద్దీ పదునెక్కుతుంది, ఎక్కువగా జనం పరువే తీస్తుంది.

1938 నవంబర్‌లో జర్మనీలో యూదుల ఇళ్లు, దుకాణాలు, ప్రార్థనా మందిరాలు ధ్వంసమయ్యాక గాలప్ అమెరికన్లను అడిగింది. నాజీల తీరు తప్పని 94 శాతం అన్నారు. అయితే మరింత మంది యూదు శరణార్థులను రానిద్దామా అంటే పదిమందిలో ఏడుగురు వద్దన్నారు. 1963 ఆగస్టులో మార్టిన్ లూథర్ కింగ్ నల్లజాతివారి హక్కుల కోసం వాషింగ్టన్ ప్రదర్శనకు సిద్ధమవుతుంటే, దాని గురించి విన్నవాళ్లలో 60 శాతం మందికి అది నచ్చలేదు. 1966లో కింగ్ అంటే పడదన్నవాళ్లు 63 శాతం. 2011లో అదే గాలప్ అడిగితే 94 శాతం మంది ఆయన మీద మంచి అభిప్రాయమే ఉందన్నారు. ఇప్పుడు ఆ దేశంలో ఎవరినైనా కదిపి చూడండి, మా తాతలు కింగ్ పక్షమే అంటారు. సర్వే కాగితం మాత్రం ఒప్పుకోదు.

ఇంతకంటే ఘోరం ఇరాక్ యుద్ధం. 2003లో బ్రిటన్ సర్వే సంస్థ యూగవ్ వరుసగా చేసిన సర్వేల్లో యుద్ధానికి వెళ్లడం సరైనదేనని సగటున 54 శాతం బ్రిటిష్ ప్రజలు అన్నారు. 2015లో అదే సంస్థ, అప్పట్లో మీరేమనుకున్నారు అని అడిగితే, సరైనదే అనుకున్నామని ఒప్పుకున్నవాళ్లు 37 శాతం. పన్నెండేళ్లలో ఒక దేశం తన జ్ఞాపకాన్నే దిద్దుకుంది. ఎవరూ కావాలని అబద్ధం ఆడి ఉండరు. తప్పని తేలినవైపు మనం లేమనుకోవడం మనసుకు హాయి. 2003 నాటి ఫైళ్లు భద్రంగా లేకపోతే, యుద్ధం మొత్తం అప్పటి ప్రధాని టోనీ బ్లెయిర్ ఒక్కడి నెత్తిన పెట్టి మిగతావాళ్లు చేతులు కడిగేసుకునేవాళ్లు.

ప్రజాభిప్రాయాన్ని భద్రపరచడమంటే నాయకులను నిలదీయడానికేనని అనుకుంటాం. జనాన్ని కూడా నిలదీస్తుంది, అది మనం ఒప్పుకోం. "ప్రజలు దేవుళ్లు, వాళ్ల తీర్పు ఎప్పుడూ తప్పు కాదు" అని గెలిచినవాడూ ఓడినవాడూ మైకు ముందు దండాలు పెట్టే రాజకీయంలో, జనం ఫలానా రోజు ఫలానా అన్యాయాన్ని చప్పట్లు కొట్టి సమర్థించారని చెప్పే ఫైలు ఎవరికి కావాలి? నాయకుడికి అక్కర్లేదు, ఎందుకంటే "ప్రజలే కోరుకున్నారు" అన్న మాట రుజువు లేనంత కాలమే చెల్లుతుంది. జనానికీ అక్కర్లేదు. అందుకే ఈ పని చట్టంతో చేయించాలి తప్ప ఎవరి ఇష్టానికీ వదలకూడదు.

2016 నవంబర్ సంగతే చూడండి. నోట్ల రద్దు మీద ప్రధాని పేరుతో ఉన్న యాప్‌లో సర్వే పెట్టారు. 5 లక్షల మందికి పైగా పాల్గొన్నారని, 90 శాతానికి పైగా సమర్థించారని ప్రకటించారు. యాప్ వేసుకున్నవాళ్లు, అందులోనూ ఓపిగ్గా జవాబిచ్చినవాళ్లు. 1936 నాటి బ్యాలెట్లకు స్మార్ట్‌ఫోన్ తొడిగినట్టుంది. అయినా అదే "దేశం మాట"గా చెలామణీ అయింది. బ్యాంకు క్యూలో నిలబడినవాళ్లు ఆ వారం నిజంగా ఏమనుకున్నారు? కష్టమైనా దేశం కోసమేలే అనుకున్నారా, తిట్టుకున్నారా? ఇవాళ అడిగితే ఎవరి పార్టీని బట్టి వాళ్ల జ్ఞాపకం ఉంటుంది.

మన దేశంలో ఎవరూ ఏమీ చేయలేదనడం అన్యాయం. ఢిల్లీలోని సీఎస్‌డీఎస్ అనే పరిశోధన సంస్థ 1967 నుంచి జాతీయ ఎన్నికల అధ్యయనాలు చేసింది, లోక్‌నీతి పేరుతో ఇప్పటికీ చేస్తోంది, డేటాను పరిశోధకులకు ఇస్తుంది. కానీ ఒక్క సంస్థ భుజాల మీద దేశం జ్ఞాపకాన్ని మోపడం ఎంత ప్రమాదమో ఆ సిరీస్‌లోనే కనబడుతుంది. 1980 తర్వాతి అధ్యయనం 1996లో. మధ్యలో ఏముందో గుర్తుచేసుకోండి: ఇందిర హత్య, 1984 ఎన్నిక, మండల్, 1991 ఆర్థిక సంస్కరణలు, బాబ్రీ మసీదు కూల్చివేత. ఇవాళ్టి భారతదేశాన్ని తయారుచేసిన పదహారేళ్లు. అప్పట్లో పత్రికల కోసం చేసిన సర్వేలు లేకపోలేదు, అచ్చయిన శాతాలు పాత సంచికల్లో దొరుకుతాయి. ఆ శాతాల వెనకున్న జవాబులు కావాలంటే ఏ తలుపు తట్టాలి?

దీనికి సర్వే సంస్థలు చెప్పే అభ్యంతరాలు రెండు. మా ఫార్ములా వ్యాపార రహస్యం అంటాయి. జవాబిచ్చినవాళ్ల గోప్యత ఏమవుతుందంటాయి. రెండో భయం సబబే: ఒక చిన్న పల్లెలో వయసు, కులం, వృత్తి చెబితే పేరు లేకుండానే మనిషి దొరికిపోతాడు. అందుకే ఊరి పేరు తీసేసి, వివరాలను పెద్ద గుంపులుగా కలిపి ఇచ్చే పద్ధతులు ఆర్కైవ్‌లు ఎప్పుడో కనిపెట్టాయి. ఇక రహస్యం అంటారా, ఏడాది ఆగి జమ చేయండి. అప్పటికీ దాచుకోవాల్సినంత గొప్ప ఫార్ములా అయితే 2024లో కంటతడి ఎందుకు పెట్టించింది?

2015 ఎన్నికల్లో బ్రిటన్ సర్వేలు కన్జర్వేటివ్ పార్టీ విజయాన్ని పసిగట్టలేకపోతే, ప్రొఫెసర్ ప్యాట్రిక్ స్టర్గిస్ అధ్యక్షతన విచారణ వేశారు. పోటీ సంస్థలన్నీ తమ ముడి డేటాను ఆ కమిటీ ముందు పెట్టాయి. శాంపిళ్లు జనాభాకు అద్దం పట్టలేదని, అసలు తప్పు అక్కడే ఉందని కమిటీ తేల్చింది. ఎవరి దుకాణమూ మూతపడలేదు. ఫ్రాన్స్ ఇంకా ముందే, 1977లోనే చట్టం చేసింది. ఎన్నికలకు సంబంధించిన సర్వే ప్రచురించాలంటే, ఎలా చేశారో చెప్పే వివరాల పత్రాన్ని ఆ పని కోసమే పెట్టిన కమిషన్ దగ్గర దాఖలు చేయాలి. అది ఎవరైనా చూడొచ్చు.

మనకు ఇందులో ఇంకో లాభం కూడా ఉంది. ఎన్నికలొస్తే చాలు, పేరున్న సంస్థల లోగోలు అతికించిన దొంగ సర్వేలు వాట్సాప్ గ్రూపుల్లో ఈగల్లా ముసురుతాయి. జమ చేసిన ప్రతి సర్వేకూ ఒక నంబర్ ఇచ్చి, దాన్ని తెర మీద, పత్రికలో వేయడం తప్పనిసరి చేస్తే చాలు, నంబర్ లేనిదేదో చదువు రానివాడికీ తెలిసిపోతుంది.

ఎగ్జిట్ పోల్స్ ఏ గంట నుంచి ఏ గంట దాకా నిషేధమో ఎన్నికల సంఘం ప్రతి ఎన్నికకూ నోటిఫికేషన్ ఇస్తూనే ఉంది. ఆ అధికారం ఇచ్చిన 126ఏకు ఇంకో ఉపవిభాగం చేర్చడానికి పార్లమెంటుకు ఒక్క సెషన్ చాలు. ప్రశ్నపత్రం, శాంపిల్ తీసిన పద్ధతి, వెయిటేజీ, ఎవరి డబ్బుతో చేశారు, ఈ నాలుగూ ప్రచురించిన రోజే. పేర్లు తీసేసిన ముడి డేటా ఏడాదిలోగా. దాచే బాధ్యత ప్రభుత్వ శాఖకు వద్దు, ఒకటికి రెండు యూనివర్సిటీలకు ఇవ్వండి, ఒకచోట పోయినా ఇంకోచోట ఉంటుంది. తర్వాతి లోక్‌సభ ఎన్నికలు 2029లో. ఈలోగా ఏ పార్టీ ఈ సవరణను అడ్డుకుంటుందో చూడాలని నాకు భలే కుతూహలంగా ఉంది.