సవరణ: స్వరంతో మాట నేర్పే పద్ధతి అందరికీ కాదు

‘అఫేసియా (మెదడు దెబ్బతిని మాట పోవడం) ఏ రకమైనా మెలోడిక్ ఇంటొనేషన్ థెరపీ (రాగం, తాళంతో మాట పలికించే పద్ధతి) పనిచేస్తుంది, కుడిచేత్తో తాళం వేయించండి’ అని గత పోస్టులో వచ్చింది. రెండూ సరికాదు.

1973లో వెలువడిన ఈ పద్ధతి ముఖ్యంగా బ్రోకా రకానికి. అంటే, మనం చెప్పేది బాగానే అర్థమై, మాట మాత్రం పెగలని వాళ్లకు. వెర్నికే రకంలో మాట ధారాళంగా వస్తుంది, కానీ అర్థం కుదరదు. తన తప్పు తనకు తరచూ తెలియదు. అక్కడ ఈ పద్ధతి సాధారణంగా పనికిరాదు. వాళ్లతో చిన్న వాక్యాలు, నిదానంగా. ముందు రెండు బొమ్మలు పెట్టి ‘గ్లాసు ఏది?’ అని చూపించమనడంతో మొదలుపెట్టాలి.

తాళం ఎడమచేత్తోనే. ఎడమ మెదడులో స్ట్రోక్ వస్తే కుడిచేయి తరచూ పడిపోయి ఉంటుంది కూడా. ‘నీళ్లు కావాలి’ తీసుకోండి: నీ-ళ్లు-కా-వా-లి, అక్షరానికో తట్టు, రెండే స్థాయిలు, ఒకటి హెచ్చు, ఒకటి తగ్గు. ముందు కూనిరాగం, తర్వాత ఇద్దరూ కలిసి; ఆపై మీరు సగంలో ఆగిపోతే రోగి పూర్తిచేయాలి. తర్వాత మీరు అన్నది విని రోగి ఒక్కరే అనాలి. చివరికి ‘ఏం కావాలి?’ అని అడగాలి. తడబడితే వెనకటి మెట్టుకు దిగండి, మాట అందించకండి.

సినిమా పాట గడగడా పాడేస్తున్నారని మురిసిపోవద్దు. కంఠతా వచ్చిన పాట వేరు, అవసరానికి మాట తెచ్చుకోవడం వేరు.