ఏడు రోడ్ల కాడ ఉండా

కడపలో ‘కోచింగ్’ అని బోర్డు కడితే వచ్చే మొదటి ప్రశ్న ‘డీఎస్సీకా, గ్రూప్-2కా?’ రెండోది ‘మెటీరియల్ మీరే ఇస్తారా?’ మెటీరియల్ లేదు, సిలబస్ లేదు, సలహా కూడా ఇవ్వరు, ప్రశ్నలు మాత్రం అడుగుతారు అంటే, వచ్చినాయన బయటికి పోయి బోర్డు ఇంకోసారి చదువుకుంటాడు.

అందుకే లైఫ్ కోచ్ దగ్గరికి, అంటే ప్రశ్నలడిగి మన దారి మనతోనే వెతికించే మనిషి దగ్గరికి, ఈ ఊళ్ళో మనుషులు తమంతట తాము రారు, ఎవరో పంపితే వస్తారు. తిరకాసు అక్కడే మొదలవుతుంది. ఒక హార్డ్‌వేర్ కొట్టు పెద్దాయన సంగతే చూడండి. బెంగళూరు ఉద్యోగం వదిలేసి వచ్చిన కొడుకు ఆరు సెషన్లకు డబ్బు కట్టి, నాయనను తెచ్చి కోచ్‌కు అప్పజెప్పాడు. డబ్బు కట్టింది ఒకరు, మారాల్సింది ఇంకొకరు. ఇట్లాంటప్పుడు ముగ్గురూ కూర్చుని లక్ష్యం ఎవరిదో, లోపల మాట్లాడింది ఎవరిదాకా పోతుందో, సెషన్ ఎంతసేపో ముందే తేల్చుకోవాలి. 45 నిమిషాలు, మాట బయటికి పోదు. ఈ రెండూ తేలాయి. లక్ష్యం అడిగితే మాత్రం కొడుకే అందుకున్నాడు: “గల్లాపెట్టె తాళాలు నాకియ్యాల.” నాయన మిక్చర్ నములుతూ తలూపాడు. ఆ ఊపు లక్ష్యానికా, మిక్చర్‌కా అని కోచ్ అడిగి తెలుసుకోవాల్సింది. అడగలేదు.

“21 రోజుల్లో అలవాటు మారిపోతాదంట కదా సార్?” అన్నాడు కొడుకు లేస్తూ. యూనివర్సిటీ కాలేజ్ లండన్ పరిశోధకులు 2010లో అచ్చువేసిన అధ్యయనంలో సగటు 66 రోజులని తేలింది. కొందరికి 18, కొందరికి 254 దాకా లెక్క పోయింది. అదీ భోజనంతో గ్లాసెడు నీళ్ళు తాగడం లాంటి అలవాట్లకు. ముప్పై ఏళ్ళుగా మొలతాడుకు కట్టుకున్న తాళాల గుత్తి ఊడదీయడం ఆ జాబితాలో లేదు.

రెండో సెషన్ ఫోన్లో. కోచ్‌లు ఎక్కువమంది పట్టుకుని నడిచే క్రమం ఒకటుంది. ఏం కావాలి, ఇప్పుడెట్లుంది, ఏయే దార్లున్నాయి, ఏది చేస్తావు. గోల్, రియాలిటీ, ఆప్షన్స్, విల్ అనే ఇంగ్లీషు మాటల తొలి అక్షరాలు కలిపి దీన్ని గ్రో అంటారు. ‘ఇప్పుడెట్లుంది’ తేల్చుకోడానికి ఒకటి నుంచి పది దాకా కొలత అడుగుతారు. అంకె ముఖ్యం కాదు, తర్వాతి ప్రశ్న ముఖ్యం. ఏడు అంటే ‘పది ఎందుకు కాదు’ అని అడక్కూడదు, సాకులు వస్తాయి. ‘నాలుగు కాకుండా ఏడెందుకు’ అనాలి. అప్పుడు మనిషి తన బలం తానే చెప్పుకుంటాడు. ఇదంతా కోచ్‌కు బాగా తెలుసు.

“అన్నా, కొట్టు అప్పజెప్పే విషయంలో ఒకటి నుంచి పది దాకా చూసుకుంటే, మీరిప్పుడు ఎక్కడున్నారు?”

పెద్దాయన పక్కన లారీ హారన్ మోగింది. ప్రశ్న తోక ఒక్కటే చెవిన పడింది.

“ఏడు రోడ్ల కాడ ఉండా.” ఏడు రోడ్లంటే కడపలో ఒక కూడలి.

అదే హారన్‌లో ఇటువైపు ‘ఏడు’ ఒక్కటే వినబడింది. కోచ్ ముఖం వెలిగిపోయింది. “నాలుగు కాకుండా ఏడెందుకన్నా?”

“నాలుగు యాడైనా ఉంటాయప్పా. ఏడుండేది మన కాడనే.”

కోచ్ నోట్సులో రాసుకున్నాడు: ఆత్మవిశ్వాసం బాగా ఉంది. “ఎనిమిది కావాలంటే ఏం జరగాలి?”

“అది మన చేతల్లో యాడుండాది? కార్పొరేషనోళ్ళు చెయ్యాల.”

నోట్సు: బాధ్యత ఇతరుల మీదికి నెడుతున్నారు. “మీ వైపు నుంచి ఏం చేయగలరు?”

“నా కొట్టు పడగొట్టి రోడ్డేయమంటావా ఏంది?”

ఇక్కడ కోచ్ శిక్షణలో నేర్చుకున్న మౌనం పాటించాడు. ఎదురుగా కూర్చున్న మనిషికి ఎనిమిది, పది సెకండ్ల మౌనం బాగా పనిచేస్తుంది, లోపలి మాట అప్పుడే పైకి వస్తుంది. ఫోన్లో మూడు సెకండ్లు దాటితే మన దగ్గర దానికి ఒకటే అర్థం.

“అలో... అలో... సిగ్నల్ పాయె.” కట్.

మళ్ళీ ఆయనే చేశాడు. “నేను యాడుంటే నీకేంటికప్పా? వస్తాండావా? రా, టీ తాగుదాం.”

తప్పు హారన్‌ది కాదు. ఇంగ్లీషులో అంకెల మీద మనిషిని నిలబెట్టి ‘ఎక్కడున్నావు’ అనొచ్చు. తెలుగులో ఎక్కడున్నావంటే ఎక్కడున్నావనే. ‘పదికి ఎన్ని మార్కులేసుకుంటారు’ అంటే ఎవరికైనా అర్థమవుతుంది. మౌనానికి ముందు ‘ఆలోచించుకోండన్నా, నేను లైన్లోనే ఉంటా’ అని ఒక్క ముక్క చాలు. మార్కులతోనూ ఒక చిక్కుంది. 35 వస్తే పాసని అందరి ఒంట్లో ఇంకిపోయింది కాబట్టి, ఇక్కడ పాసు, ఫెయిలు లేవని ముందే చెప్పాలి.

మూడో సెషన్లో పెద్దాయన సూటిగా అడిగేశాడు. “కడుపునొప్పని డాక్టరు కాడికి పోతే, ఏం మాత్ర ఏసుకుంటావో నువ్వే చెప్పు అంటాడాప్పా?” న్యాయమైన ప్రశ్నే. అయినా కోచ్ తగ్గలేదు. ఎదుటివాడు చెప్పిన సలహా వినడానికి బాగుంటుంది, తానే పెట్టుకున్న పని చేయడానికి వీలవుతుంది. చివరికి పెద్దాయన నోటితోనే వచ్చింది: బుధవారం పది నుంచి పన్నెండు దాకా తాళాలు కొడుకు చేతిలో, తాను కొట్లో ఉండడు. వాడు తప్పు చేస్తే రాత్రి అన్నం కాడ చెప్తాడు, అప్పటికప్పుడు నోరు తెరవడు. రోజుంది, గంటలున్నాయి, అడ్డంకి వస్తే ఏం చేయాలో ఉంది. ఆ రెండు గంటలూ ఆయన ఎక్కడ కూర్చుంటాడన్నది మాత్రం లేదు.

ఎదురుగా ఉన్న టీకొట్టులో కూర్చున్నాడు.

పదీ ఇరవైకి ఒకాయన ఇంచి పైపు ముక్క తెచ్చి ఎల్బో అడిగాడు. కొడుకు ముప్పావు ఇంచి డబ్బాలో చెయ్యి పెట్టాడు. పెద్దాయన చేతిలో గ్లాసు వణికింది. నోరు తెరవకూడదు కదా. టీకొట్టు కుర్రాడిని పిలిచి, వేలు చూపించి, “కింది అర, ఎడమ పక్క” అన్నాడు. కుర్రాడు రోడ్డు దాటి చెప్పొచ్చాడు. తర్వాత టెఫ్లాన్ టేపుకు, గేట్ వాల్వుకు, చిల్లరకు. పదకొండున్నరకల్లా గిరాకీలు కొడుకును వదిలేసి కుర్రాడినే రేటడగడం మొదలుపెట్టారు.

సాయంత్రం కోచ్ ఫోను. ఈసారి ప్రశ్న సరిగ్గానే వేశాడు. “అన్నా, ఈరోజుకు పదికి ఎన్ని మార్కులేసుకుంటారు?”

“ముప్పై అయిదు.”

“పదికి ముప్పై అయిదేందన్నా?”

“పాసయినానప్పా.”